గ్రాంట్‌చెస్టర్‌లో నా పెద్దరికం

గ్రాంట్‌చెస్టర్ గురించి నేను బాగా మాట్లాడతాను. ఈ మాట నలుగురూ అన్నదే. విన్నప్పుడల్లా "అబ్బే, అదేం లేదండీ" అంటూ లోపల పొంగిపోయేవాణ్ణి. ఆ పొంగు ఎక్కణ్ణుంచి వచ్చేదో చూసుకుందామని ఈమధ్యనే కూర్చున్నాను. చూస్తున్నకొద్దీ ఆ ఊరి గురించి తక్కువ, నా గురించి ఎక్కువ తెలుస్తోంది. అదంత సుఖంగా లేదు.

కేంబ్రిడ్జిలో ఉద్యోగం చేసే రోజుల్లో మనవాళ్ళు ఎవరొచ్చినా ముందు కాలేజీలన్నీ తిప్పి, చివర్న గ్రాంట్‌చెస్టర్ తీసుకెళ్ళేవాణ్ణి. ఊరు అక్కడికి రెండు మైళ్ళు. కామ్ నది ఒడ్డున పచ్చిక బీళ్ళలోంచి కాలిబాట, బాట మధ్యలో తాపీగా నెమరేస్తూ ఆవులు. అప్పటిదాకా చలికి ముడుచుకుపోయి నడిచేవాళ్ళు కూడా ఆవుల్ని చూడగానే ఫోన్లు బయటికి తీసేవారు. ఊళ్ళోకి రాగానే ఆర్చర్డ్ తోటలో చెట్ల కింద వాలుకుర్చీల్లో కూర్చుని టీ తాగడం, ఆ తరవాత చర్చి. సెయింట్ ఆండ్రూ, సెయింట్ మేరీల పేరు మీద ఉన్న పాత రాతి చర్చి అది. బలిపీఠం ఉండే భాగం 14వ శతాబ్దం నాటిది. ఆవరణలో నాచు పట్టి, అక్షరాలు అరిగిపోయి, ఎవరివో తెలియని సమాధి రాళ్ళు. ఆ రాళ్ళ మధ్యనే, మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన ఊరి మగవాళ్ళ పేర్లు చెక్కిన స్మారకం.

నా కథాకాలక్షేపం అక్కడే.

ముందు ఏమీ చెప్పేవాణ్ణి కాదు. వాళ్ళని పేర్లు చదువుకోనిచ్చి, ఇక కళ్ళు తిప్పేస్తారనగా ఒక పేరు మీద వేలు పెట్టేవాణ్ణి. రూపర్ట్ బ్రూక్. రగ్బీలో పుట్టాడు, కింగ్స్ కాలేజీలో చదివాడు, 1909లో ఈ ఊరొచ్చి అద్దెకు దిగాడు. 1912లో బెర్లిన్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని, ఈ ఊరి మీద బెంగతో పెద్ద కవిత రాశాడు. అది ఈ చర్చి గడియారం దగ్గర ముగుస్తుంది కాబట్టే వచ్చినవాళ్ళంతా ఇప్పటికీ తలెత్తి గడియారం కేసి చూస్తారు. యుద్ధం రాగానే నౌకాదళం తరఫున చేరాడు. దేశం కోసం చనిపోవడం గురించి అతను రాసిన పద్యాన్ని 1915 ఈస్టర్ నాడు లండన్ సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో వేదిక మీంచి చదివారు. ఆ నెలలోనే పోయాడు. ఇక్కడ, హరిదాసుగారు చిడతలు ఆపినట్టు ఆగేవాణ్ణి. "యుద్ధంలోనాండీ?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు.

"కాదు. దోమ కుట్టి."

ఆ మాట అన్నప్పుడు ఎదుటివాళ్ళ మొహాలు చూడటం నాకు మహా ఇష్టం. ఏలూరు వైపు వాళ్ళయితే నవ్వాపుకోలేకపోయేవారు. నవ్వు సద్దుమణిగాక గొంతు తగ్గించి మిగతాది చెప్పేవాణ్ణి. కాటు చీము పట్టి, రక్తమంతా విషమై, గ్రీకు దీవి స్కైరోస్ దగ్గర ఆస్పత్రి ఓడలో ఏప్రిల్ 23న ప్రాణం పోయింది. తోటివాళ్ళు గల్లిపోలి మీద దిగింది మరో రెండు రోజులకు. వయసు 27. నవ్వినవాళ్ళు తేరుకుని "అయ్యో" అనేవారు. ముందు నవ్వు, తరవాత అయ్యో. రెండూ నేను అనుకున్న క్రమంలోనే వచ్చేవి.

పోయిన కుర్రాడి మీద నాకు జాలి లేదా అంటే, ఉండే ఉంటుంది, మొదట్లో. అన్నిసార్లు చెప్పాక మిగిలింది జాలి కాదు, చెప్పడంలోని నేర్పు. నా నేర్పు మీద నాకున్న మోజు ఎంతదాకా వెళ్ళిందంటే, కథలోకి కట్టమంచి రామలింగారెడ్డిగారిని కూడా లాక్కొచ్చాను. ఆయన బ్రూక్ కంటే కొంచెం ముందు కేంబ్రిడ్జిలోనే, సెయింట్ జాన్స్ కాలేజీలో చదివారు. అంతవరకు నిజం. "మన కట్టమంచివారు కూడా ఈ దారినే నడిచి వచ్చి ఈ చెట్ల కింద టీ తాగే ఉంటారు" అనేవాణ్ణి. అందుకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ వాక్యం పడగానే ఆ ఇంగ్లీషు పల్లె మీద మనకూ ఒక వాటా ఉన్నట్టు అనిపించేది. ఆ వాటాకు పెద్దమనిషిని నేనే.

ఇంతకీ ఆ స్మారకం ముందు నిలబడి, బ్రూక్ కథ అయిపోయాక, ఇంకో మాట చెప్పేవాణ్ణి. ఇది నేను నిజంగా నమ్మిన మాట. అందుకే దీని గురించి రాయడం ఎక్కువ కష్టంగా ఉంది.

ఆ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల శవాలను ఇళ్ళకు తీసుకురాకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. డబ్బున్నవాళ్ళు తమ బిడ్డను తెచ్చుకుని, లేనివాళ్ళు తెచ్చుకోలేకపోతే ఎలా అన్నది కారణాల్లో ఒకటి. 1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్, హోదా, జాతి, మతం చూడకుండా అందరికీ ఒకే తీరు రాయి అని సూత్రం పెట్టుకుంది. కొడుకు సమాధి మీద తమకు నచ్చిన శిలువ పెట్టుకునే హక్కు కూడా లేదా అని తల్లులు గొడవ చేశారు. 1920లో పార్లమెంటులో పెద్ద చర్చే జరిగింది. సూత్రం నిలబడింది. అలా కొడుకు ఎక్కడో ఫ్రాన్సులోనో మెసపొటేమియాలోనో ఉండిపోతే, ఏడవడానికి ఒక చోటు కావాలి కదా. అందుకని ఊరూరా చందాలు వేసుకుని ఇలాంటి స్మారకాలు కట్టుకున్నారు. పద్యాలు రాసిన ఆఫీసరు పేరు, గడ్డి కోసిన కూలివాడి పేరు ఒకే రాతి మీద, ఒకే సైజు అక్షరాల్లో.

"చావులోనైనా అంతా సమానం, చూశారా" అని ముగించేవాణ్ణి. చెప్పినప్పుడల్లా కళ్ళు చెమర్చేవి. నటన కాదు. కానీ ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను: అంత సమానత్వం చెబుతూ, నేను వేలు పెట్టింది ఎప్పుడూ ఒకే పేరు మీద కదా? బ్రూక్‌కు కింగ్స్ కాలేజీలో స్మారకం ఉంది, రగ్బీ స్కూల్లో ఉంది, 1985 నుంచి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో యుద్ధకవుల రాయి మీద కూడా పేరుంది. పక్కనున్న పేర్లవాళ్ళెవరో నాకు తెలియదు. తెలుసుకోవడం కష్టమా అంటే అదీ కాదు. కమిషన్ వాళ్ళ రికార్డులు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, పేరు కొడితే చాలు. ఒక్క పేరూ కొట్టలేదు. నా ప్రసంగంలో వాళ్ళకు ఒకటే పని, బ్రూక్ చుట్టూ నిలబడి అందరూ సమానమేనని నిరూపించడం.

ఏటా నవంబరు రెండో ఆదివారం అక్కడ సంస్మరణ జరుగుతుంది. పదకొండు గంటలకు రెండు నిమిషాలు అందరూ మాట్లాడకుండా నిలబడతారు. యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకునే ఎర్ర పాపీ పువ్వు నేనూ కోటుకు గుచ్చుకుని వెళ్ళి నిలబడేవాణ్ణి. మౌనంలో మనిషి ఏం ఆలోచిస్తున్నాడో ఎవరికీ కనపడదు గనక రాయగలుగుతున్నాను: ఇంతమంది తెల్లవాళ్ళ మధ్య నేనొక్కణ్ణే ఉన్న సంగతి వాళ్ళు గమనించారా లేదా అన్నదే ఎక్కువసేపు ఆలోచించేవాణ్ణి. అయిపోయాక ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి "మీరు రావడం ఎంతో సంతోషం" అన్నప్పుడు, ఆ మాట కోసమే వచ్చానేమో అని ఒక్క క్షణం అనుమానం కలిగింది. వెంటనే దులిపేసుకున్నాను.

ఎవరూ లేని రోజు కూడా వెళ్ళాను కదా, అది మెచ్చుకోలు కోసం కాదు కదా, అని నన్ను నేను సమర్థించుకుంటూ ఉంటాను. నిజమే, ఒకసారి పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందు ఒంటరిగా వెళ్ళాను. చర్చిలో పాతచెక్క వాసన, తడిరాయి వాసన. బయటికొచ్చి ఆ పేర్ల ముందు నిలబడితే గుండె ఎందుకో బరువెక్కింది. ఆ బరువు నిజం. కానీ అదే నిమిషంలో, దీన్ని తరవాత ఎవరికెలా చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటున్నానన్నదీ నిజమే. రెంటిలో ఏది ముందు వచ్చిందో తేల్చుకోలేకపోతున్నాను.

ఒక వేసవిలో స్నేహితుడి మామగారు వచ్చారు, రిటైరైన హెడ్మాస్టరుగారు, తాడేపల్లిగూడెం మనిషి. నేను ఈస్టర్ దాకా వచ్చి, ఆగాల్సిన చోట ఆగాను. ఆయన "యుద్ధంలోనా" అని అడగలేదు. పేర్లకేసి చూస్తూ, "మా పక్కన మాధవరం అని ఉందండీ. మిలటరీ మాధవరం అంటారు. అక్కణ్ణుంచి కూడా వెళ్ళారు, ఈ యుద్ధానికీ, తరవాత దానికీ" అన్నారు. నాకు కలిగింది ఆసక్తి కాదు, చిరాకు. దోమ చెడిపోయింది. "అవునండీ, చాలా ఊళ్ళ నుంచి వెళ్ళారు" అని తేల్చేసి ఆయన్ని గడియారం వైపు తిప్పాను. పెద్దమనిషి, ఇంకేమీ అనలేదు. ఈ రాయికీ మనకూ సంబంధం ఉందని కట్టమంచివారితో బలవంతాన ముడిపెట్టినవాణ్ణి, అసలైన సంబంధం ఎదురుగా వచ్చి నిలబడితే పక్కకు నెట్టేశాను. ఎందుకంటే ఆ ముడి నేను వేసింది కాదు.

ఇదంతా ఒక ఎత్తు. నాలో రెండో మనిషి ఒకడున్నాడు, వాడు కోపిష్టి. మొదటివాడు మనవాళ్ళ ముందు ఇంగ్లండును మెచ్చుకుంటే, రెండోవాడు ఇంగ్లీషువాళ్ళ ముందు దాన్ని నిలదీస్తాడు. చాలాకాలం ఈ రెండోవాడే నా నిజాయితీ అనుకున్నాను.

2021 నవంబరులో తోటి ఉద్యోగి ఇంట్లో భోజనం. పాపీ పెట్టుకోవాలా అక్కర్లేదా అని మాట వచ్చింది. నేనందుకున్నాను. మొదటి ప్రపంచయుద్ధానికి పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు, 74 వేలమంది దాకా తిరిగి రాలేదు. అందరూ సమానం అన్న కమిషనే బస్రా స్మారకం మీద బ్రిటిష్ ఆఫీసర్లకు పేర్లు చెక్కి, భారతీయ సిపాయిల్ని మాత్రం రెజిమెంటుకు ఇంతమంది అని అంకెల్లో సరిపెట్టింది. లక్షా పదహారు వేలమంది, బహుశా మూడున్నర లక్షల దాకా, ఎక్కువగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వాళ్ళు, పేరైనా లేకుండానో, అసలు గుర్తింపే లేకుండానో మిగిలిపోయారని ఆ ఏప్రిల్‌లోనే కమిషన్ తన నివేదికలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అన్నీ చెప్పాను. ఏ అంకే తప్పు కాదు.

తోటి ఉద్యోగి తండ్రి అంతసేపూ శ్రద్ధగా విన్నాడు. చివరికి అడిగాడు: "మీ ఊరి నుంచి ఎవరైనా వెళ్ళారా?"

వెటకారం లేదు. తన ఊరి రాతి మీద పేర్లున్న మనిషి మరో ఊరివాణ్ణి అడిగిన మాట, అంతే. నేను రెప్ప వెయ్యకుండా జవాబిచ్చాను: "మాకెలా తెలుస్తుంది? మీరు రాసి ఉంచలేదుగా." బల్ల చుట్టూ అందరూ తలలు దించుకున్నారు. ఆ రాత్రి సైకిలు మీద ఇంటికెళ్తూ ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ అనుకుని మురిసిపోయాను.

అందులో అబద్ధమేమీ లేదు. ఆ అన్యాయం నిజంగా జరిగింది, దాన్ని గట్టిగా చెప్పాల్సిందే, ఇప్పటికీ చెబుతాను. కానీ ఆయన అడిగింది వాళ్ళ రికార్డుల గురించి కాదు, మా ఊరి గురించి. మా ఊరి సంగతి నాకు బొత్తిగా తెలియదా? మొదటి యుద్ధం మాట వదిలేద్దాం. రెండో యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషిని నేను కళ్ళారా చూశాను. ఆ రాత్రి ఆయన గుర్తుకు రాలేదా, వస్తే తోసేశానా? గుర్తు రాలేదనే అనుకోవాలని ఉంది. అంత నమ్మకంగా చెప్పలేను.

గోదావరి జిల్లాలో మా ఊరు. నా చిన్నప్పుడు పేట నుంచి ఒకాయన మా తాతయ్య దగ్గరికి వస్తూండేవాడు. బర్మా వెళ్ళొచ్చాడని చెప్పుకునేవారు. యుద్ధం అయిపోగానే ఇంటికి పంపేశారు, పింఛను లేదు. దానికోసం అర్జీలు. తాతయ్య ఇంగ్లీషులో అర్జీ రాస్తుంటే ఆయన అరుగు కింద, మెట్ల దగ్గర నిలబడి, పటాలంలో తన నంబరును ఒక్క గుక్కలో అప్పజెప్పేవాడు. మెట్టెక్కేవాడు కాదు. ఎక్కమని మేమూ అనలేదు. మంచినీళ్ళు అడిగితే చూరులో దోపి ఉంచిన గ్లాసు తీసి, పైనుంచి పోసేవారు. ఐదో తరగతి చదివే నేను, నాకంటే యాభై ఏళ్ళు పెద్దాయన్ని "నువ్వు" అనేవాణ్ణి. ఇంట్లో ఎవరూ తప్పని చెప్పలేదు. అర్జీ అయ్యాక దానిమీద అడ్రసు రాసే పని నాది, నా ఇంగ్లీషు దస్తూరీ బాగుంటుందని. దాన్ని చూసుకుని గర్వపడటం గుర్తుంది. కింద నిలబడ్డ మనిషి మొహం గుర్తు లేదు.

చావులోనైనా అంతా సమానం అని చర్చి ఆవరణలో కళ్ళు చెమర్చినవాడు ఈ పిల్లాడే, పెద్దయ్యాక. పరాయి ఊరి సమానత్వాన్ని మెచ్చుకోవడానికి నేను మెట్టు దిగనక్కర్లేదు, ఎవర్నీ ఎక్కించనక్కర్లేదు. బస్రా రాతి మీద పేర్లు లేవని ఇంగ్లీషువాడి ఇంట్లో కోప్పడటానికీ అంతే. రెండు చోట్లా మాట్లాడేవాణ్ణి నేను, వినేవాళ్ళు వేరేవాళ్ళు. మా అరుగు దగ్గరికొస్తే నాకు ఆ సౌకర్యం లేదు. అందుకే అటు వెళ్ళలేదని ఇప్పుడు అనిపిస్తోంది. బద్ధకం అని కూడా అనవచ్చు. బద్ధకం అనుకుంటే కొంచెం మర్యాదగా ఉంటుంది.

ఇంతదాకా రాసి చదువుకుంటే మళ్ళీ అదే అనుమానం. ఈ వ్యాసం కూడా ఆ దోమ కథ లాంటిదే కాదు కదా? ఆగాల్సిన చోట ఆగుతున్నాను. పాఠకుడి నుంచి రావలసిన "అయ్యో" ఈసారి నాకోసం. ఆ పెద్దాయన పేరు నాకు గుర్తులేదని రాయబోయి, ఆ వాక్యం ఎంత బాగా కుదురుతుందో చూసి భయమేసింది. పేరు తెలియకపోవడం ఈ వ్యాసానికి భలే పనికొస్తుంది. కనుక్కుంటే వ్యాసం కొంచెం పాడవుతుంది. అందుకే మధ్యలో ఆపి ఊరికి ఫోన్ చేశాను.

బాబాయ్ విన్నాడు. "ఏ మిలటరీ ఆయన్రా? పేటలోంచి అయిదారుగురు వెళ్ళారు. ఇద్దరు అసలు రానేలేదు" అన్నాడు, వానల గురించి చెబుతున్నంత మామూలుగా. ఇంతమంది అని నాకు తెలియదు. తాతయ్య రాసిన అర్జీలు ఒక్కరివేనా, చాలామందివా? నేను ఒకే మనిషి అనుకున్నది, అందర్నీ కలిపి ఒకడిగా గుర్తుపెట్టుకున్నానా? బాబాయికి అంత ఓపిక లేదు. వాళ్ళలో ఒకాయన మనవడు కాకినాడలో టీచరు అనీ, అతనికి అన్నీ తెలుసనీ చెప్పి నంబరు పంపాడు.

ఇంకా ఫోన్ చెయ్యలేదు. మొదటి మాట ఏమనాలో తేలడం లేదు. "మీ తాతగారి గురించి రాస్తున్నాను" అంటే ఆయన నాకు ముడిసరుకు. "మా ఇంట్లో మీవాళ్ళని అలా నిలబెట్టాం, క్షమించండి" అంటే, నా బరువు దించుకోవడానికి ఎవరో తెలియని మనిషి భుజం వాడుకోవడం. "పేర్లు చెబుతారా" అని మాత్రం అడిగితే, మీకెందుకండీ అని అతను అడగొచ్చు, అడగాలి కూడా. దానికి నేను ఎంత చక్కటి జవాబు తయారుచేయగలనో నాకు తెలుసు. అందుకే చెయ్యి ఆగుతోంది.